మందుల పుస్తకం మొదటి పేజీ

జనవరి 9

మా ఇంటి జడ్జిగారైన అక్కకి,

ఈ ఉత్తరం ఆఫీసులో విప్పకు. ఇంట్లో కూడా బావ ట్యాంకర్ ఎక్కి వెళ్ళాకే చదువు. ఫోన్ చేయొచ్చు కదరా అంటావు. మా గదిలో ఆరుగురం ఉంటాం. ఒకడు దగ్గితే మిగతా ఐదుగురూ లేస్తారు. నేను పనిచేసే లాండ్రీలో ఫోన్లు గేటు దగ్గరే లాకర్లో పెట్టిస్తారు. పైగా ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

విషయం ముందే చెప్పేస్తాను. నాకు హెచ్ఐవీ ఉంది. తెలిసి ఆరేళ్ళు. రోజుకో మాత్ర వేసుకుంటున్నాను. సర్కారు కేంద్రంలో మందులు ఉచితం. ఒక్క నెల కూడా తప్పలేదు. రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిందని రెండేళ్ళుగా పరీక్షల్లో వస్తోంది. కాబట్టి కూర్చుని ఏడవకు. ఏడవాల్సిందంతా అప్పుడే ఒక్కణ్ణే ఏడ్చేశాను.

ఇప్పుడు రాయడానికి కారణం వేరు. వానాకాలంలో టీబీ వచ్చింది. దానికీ మందులు వాడుతున్నాను, ఇంకో నెల ఉన్నాయి. ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. కానీ ఒంట్లో సత్తువ పోయింది. ఇస్త్రీ రోలర్ దగ్గర తడి దుప్పట్లు ఎత్తలేకపోతున్నానని సూపర్‌వైజర్ నన్ను మడతల బల్లకి మార్చాడు. రోజంతా ఉండే పనిని ఒక పూటకి దించాడు. గది అద్దె మాత్రం పూట అద్దెకి దిగలేదు.

మాలాంటివాళ్ళకి నెలనెలా ఏదో సాయం ఉందని కేంద్రంలో ఒక కాగితం చూశాను. ఎవర్ని అడగాలో తెలీలేదు. ఆఫీసు కిటికీకి అవతల కూర్చునేవాళ్ళ భాష నాకు రాదు. నువ్వు ఇరవై రెండేళ్ళుగా ఆ పక్కే కూర్చున్నావు. కనుక్కుంటావా?

బావకి చెప్పకు. ఆయన ఇప్పించిన లారీ ఆఫీసు ఉద్యోగం నుంచి చెప్పాపెట్టకుండా వచ్చేశానని ఇంకా నా మీద కోపమే కదా.

నీ తమ్ముడు,
చిన్నోడు


జనవరి 17

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదువుతుండగా స్టవ్ మీద పాలన్నీ పొంగిపోయాయి. నోట్లో నువ్వుగింజ నానదు నీకు. చిన్నప్పుడు పక్కింటివాళ్ళ కిటికీ అద్దం పగలగొట్టి, వాళ్ళు చూడకముందే నువ్వే వెళ్ళి చెప్పొచ్చావు. అలాంటివాడివి ఇది ఆరేళ్ళు ఎలా దాచావురా? ఎలా వచ్చిందని అడగను. నాకెందుకు చెప్పలేదని అడుగుతున్నాను. దానికి జవాబు రాయి.

ఇక పని సంగతి. ముందు హెల్ప్‌లైన్‌కి చేశాను. ఆఫీసు మేడ ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనక నించుని మాట్లాడాను. అవతలి అమ్మాయి నా పేరు కూడా అడగలేదు. పేరు అడగని ఆఫీసు ఒకటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఈ జబ్బుతో ఉన్నవాళ్ళ సంఘం మీ ఊళ్ళోనే ఉందట, నంబరిచ్చింది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఇవే మందుల మీద ఉంది. గొంతు మాత్రం పోలీసు విజిలే.

ఆవిడ చెప్పిందాని ప్రకారం, ఆరు నెలలు ఆపకుండా మందులు వాడినవాళ్ళకి నెలవారీ సాయం ఉంది. టీబీ కూడా వచ్చింది కాబట్టి సరుకుల సంచి వేరే ఇస్తారు. కేంద్రానికి వెళ్ళి రావడానికి బస్సులో సగం టికెట్టు పాసు ఉంది. లబ్ధిదారుల జాబితా గోడకి అంటించరు. నీకొచ్చే కవరు మీద ఏ ఆఫీసో రాయరు. ఈ జబ్బుందని ఎవరైనా పనిలోంచి తీసేస్తే లాయర్ని సంఘమే చూస్తుంది. 'అడుక్కుంటున్నట్టు రావద్దని చెప్పమ్మా మీవాడికి, అడగడానికి రమ్మను' అంది.

నువ్వు పంపాల్సినవి రెండే. మందుల పుస్తకం మొదటి పేజీ కాపీ, గుర్తింపు కార్డు కాపీ. రెండింట్లో పేరు ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పి పంపుతారు. సర్టిఫికెట్లలో పేర్లు దిద్దే కౌంటర్లో కూర్చుని నేనే ఎంతమందిని పంపలేదు! మొన్న ఒకాయన తన మరణ పత్రంలో పేరు తప్పు పడిందని వచ్చాడు. 'మీరు బతికే ఉన్నారు కదండీ' అన్నాను. 'ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు పేరు సరిచేయండి' అన్నాడు.

గడువు మార్చి 31. ఫారం నేను నింపి పంపుతాను. రోజూ గుడ్డు తిను.

అక్క


జనవరి 28

అక్కా,

ఎందుకు చెప్పలేదంటే, నువ్విలా నాలుగుసార్లు చదువుతావనే.

మడతల బల్ల దగ్గర స్టూలు ఉంది. కూర్చుని చేయొచ్చు. రోజుకి ఎనిమిది వందల హోటల్ దుప్పట్లు వస్తాయి. నిన్న ఒక దిండు గలీబులో కట్టుడు పళ్ళు దొరికాయి. సూపర్‌వైజర్ వాటిని పట్టుకుని వరసగా మా అందరి నోళ్ళూ చూసుకుంటూ వచ్చాడు. హోటల్ నుంచి వచ్చాయిరా బాబూ అని చెప్పేసరికి తాతలు దిగొచ్చారు.

గుర్తింపు కార్డు కాపీ ఇందులో పెట్టాను. పుస్తకం కాపీ తీయడం కుదరలేదు. జిరాక్స్ షాపులో మిషన్ పాడైంది. అసలు ఆలోచిస్తుంటే ఈ సాయం లేకపోయినా నెట్టుకొస్తానేమో అనిపిస్తోంది. నాకంటే అవసరమున్నవాళ్ళు ఉంటారు కదా.

పేరు తేడా ఉంటే నిజంగానే తిప్పి పంపుతారా? ఊరికే అడుగుతున్నా.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 6

చిన్నోడా,

మీ ఊరు మొత్తానికి జిరాక్స్ మిషన్ ఒకటేనా?

నాకు అబద్ధాలు చెప్పేవాళ్ళు రోజుకి నలభైమంది వస్తారు. నువ్వు నలభై ఒకటోవాడివి. ఆ పుస్తకంలో నెలనెలా మందులు తీసుకున్నట్టు ముద్రలు వేస్తారని పెద్దమ్మ చెప్పింది. నువ్వు ముద్రలు తప్పించావు, అందుకే చూపించట్లేదు. మాత్రలు మానేశావా? మానేస్తే చెప్పు, తిట్టను. అంటే తిడతాను, కానీ తర్వాత ఏం చేయాలో చూస్తాను. మానేసినవాళ్ళని కూడా మళ్ళీ చేర్చుకుంటారట.

ఇంకెవరికో అవసరమని నీది వదులుకునే దానకర్ణుడివి ఎప్పట్నుంచి అయ్యావు? పోయిన నెల అద్దె సగమే కట్టావని, మిగతాది ఇవ్వకపోతే పక్క తీసేయమన్నారని మీ గదిలో ఒకడు ఫోనెత్తి చెప్పాడు. నువ్వు స్నానానికి వెళ్ళావట. గదిలోంచి గెంటేస్తే మాత్రలు ఎక్కడ పెట్టుకుంటావు, ఏం తిని వేసుకుంటావు?

పది రోజుల్లో ఆ పేజీ నా చేతిలో ఉండాలి.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

మాత్రలు మానలేదు. ఒక్కటి కూడా.

పేజీ పంపుతున్నాను. చూస్తే నీకే అర్థమవుతుంది. ఇన్నాళ్ళు ఎందుకు దాచానో, బావకి ఎందుకు చెప్పొద్దన్నానో కూడా. రాద్దామని నాలుగు కాగితాలు చింపాను. ఏం చేస్తావో నీ ఇష్టం. నన్ను అసహ్యించుకోకు.

తమ్ముడు


ఫిబ్రవరి 22

తమ్ముడికి,

పేజీ అందింది. అందులో పేరు మీ బావది. ఆయన తండ్రి పేరు, వయసు, మా ఇంటి నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్షరం తేడా లేదు.

ఆయన కోసం ఇదంతా నీ నెత్తిన వేసుకున్నావన్నమాట. నీకుందని రాసింది అబద్ధం. మందులు మీ ఊళ్ళో తీసుకునేది ఆయన. పాల ట్యాంకర్ వారానికి రెండుసార్లు మీ ఊరి మీదుగానే వెళ్తుంది. నాలుగు రోజులు ఇంట్లో ఉండరు. మూడేళ్ళ కిందట చిక్కిపోతే షుగరేమో అన్నారు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నాను. అది నా ఉద్యోగమే కదా.

మంగళవారం సెలవు పెట్టి పక్క ఊరి ఆసుపత్రికి వెళ్ళాను. పరీక్ష చేయించుకున్నాను. లేదన్నారు. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. కౌన్సెలర్ మంచి పిల్ల. 'ఎవరైనా తోడొచ్చారా అమ్మా?' అని అడిగింది. లేదన్నాను.

నీకు జబ్బు లేదని తేలినందుకు సంతోషించాలో, ఇద్దరూ కలిసి ఆరేళ్ళు నా కళ్ళకి గంతలు కట్టినందుకు ఏడవాలో తెలియట్లేదు. ఆయన శనివారం వస్తారు. కాగితం ముందు పెడతాను.

ఫోన్ చేయకు. ఎత్తను.

అక్క


ఫిబ్రవరి 26

అక్కా,

పొద్దుట్నుంచి ఐదుసార్లు చేశాను. ఎత్తలేదు. ఇది కొరియర్లో పంపుతున్నాను.

బావకి ఏమీ లేదు. ఆ పుస్తకం నాది. జబ్బు నాది. పేరొక్కటే ఆయనది.

ఆరేళ్ళ కిందట లారీ ఆఫీసులో చేరిన మూడో నెల నుంచి జ్వరం. తగ్గి మళ్ళీ వచ్చేది. మందుల షాపతను ఇక్కడి సర్కారు కేంద్రానికి వెళ్ళమన్నాడు. వెళ్ళాను. బల్ల దగ్గర గుమాస్తా తలెత్తకుండా 'పేరు?' అన్నాడు. పక్కనే వరసలో మా వీధివాడొకడు నించుని ఉన్నట్టనిపించింది. నా పేరు చెప్పడానికి నోరు రాలేదు. అంత భయంలో దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు, బావ పేరు వచ్చింది. భయం అనగానే నాకు ఆయనే గుర్తొస్తారు మరి. తర్వాత తండ్రి పేరు అడిగాడు. మొదలుపెట్టాక ఆపలేం కదా, అవీ ఆయనవే చెప్పుకుంటూ పోయాను. వయసు చెబితే గుమాస్తా అప్పుడు తలెత్తాడు. 'నలభై ఒకటా?' అన్నాడు. 'అంత కనపడనండీ' అన్నాను.

అప్పుడు కార్డులేవీ అడగలేదు. పరీక్షకే కదా, ఫలితం చూసుకుని వచ్చేద్దాం అనుకున్నాను. ఆ పేరు మీదే ఫలితం వచ్చింది, ఆ పేరు మీదే పుస్తకం రాశారు. వారం తిరక్కుండా లారీ ఆఫీసు మానేశాను. అక్కడ అందరికీ నేను బావ మనిషిని. తెలిస్తే ఆయన మాట పోతుందనుకున్నాను.

పేర్లు దిద్దే మనిషికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలీలేదు. చూస్తే అర్థమవుతుందని రాశాను. నీకు ఇంకోలా అర్థమవుతుందని నా మట్టిబుర్రకి తట్టలేదు.

బావని ఏమీ అనకు. అనేసి ఉంటే నా తప్పని చెప్పు.

తమ్ముడు


మార్చి 2

చిన్నోడా,

నీ కవరు నిన్న గురువారం అందింది. ఆయన శనివారమే వచ్చారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. చెప్పులు విప్పకముందే కాగితం చేతిలో పెట్టాను. నించునే చదివారు. 'ఇది నేను కాదు' అన్నారు. 'పేరు ఎవరిది?' అన్నాను. 'నాదే.' 'వయసు?' 'నాదే.' 'ఇల్లు?' కాగితం నాకే తిరిగిచ్చేసి చెప్పులు విప్పారు. సోమవారం పొద్దున్నే తనంతట తనే వెళ్ళి పరీక్ష చేయించుకుని, ఫలితం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. లేదని ఉంది. దాని మీద ఉప్పు డబ్బా పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

నీ ఉత్తరం నిన్న చదివి వినిపించాను. నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నదంతా నన్నే. 'వాడు భయపడి నా పేరు చెప్పాడు. నీకేం వచ్చింది? ఇరవై ఏళ్ళు కాపురం చేసినదానివి, జిరాక్స్ కాగితం చూసి తీర్పు చెప్పేశావు. కౌంటర్లో చేసే పనే ఇంట్లోనూ చేస్తావా?' అన్నారు. లారీ, ట్యాంకర్ నడిపేవాళ్ళ గురించి పదిమంది అనే మాటలు ఎప్పుడూ నమ్మలేదనుకున్నాను. నమ్మానని ఆ వారంలో తెలిసింది.

ఇక మిగిలింది నీ పని. పెద్దమ్మకి చెబితే నవ్వింది. 'ఇలాంటివి చాలా చూశానమ్మా, ఒకడు సినిమా హీరో పేరిచ్చాడు, వాణ్ణి ఏడాదిపాటు అలాగే పిలిచాం' అంది. పేరు మార్చొచ్చట. నీ వేలిముద్ర, ఫోటో, డాక్టరమ్మ ఉత్తరం కావాలి. కానీ నువ్వు వాడుకున్న పేరు నిజంగా ఉన్న మనిషిది కాబట్టి, ఆ పుస్తకం తనది కాదని ఆ మనిషి కూడా అఫిడవిట్ ఇవ్వాలి. అంటే మీ బావ సంతకం.

అడిగాను. 'పెట్టను' అన్నారు. 'నాకు లేదని నేను ఇంకో కాగితం రాసివ్వాలా? ఎంతమందికివ్వాలి?' అన్నారు. ఆ తర్వాత నేనూ అడగలేదు. గడువుకి ఇరవై తొమ్మిది రోజులుంది.

అక్క


మార్చి 7

అక్కా,

ఇక సంతకం అడగకు. సాయం సంగతి వదిలేద్దాం. మీ ఇద్దరి మధ్య నేను పెట్టిన చిచ్చు చాలు. గదిలో పక్క ఖాళీ చేయమన్నారు. మడతల బల్ల దగ్గర పనిచేసే మామ్మ తన వరండా ఇస్తానంది. మాత్రల డబ్బా పెట్టుకోవడానికి గోడలో గూడు కూడా ఉంది.

బావకి వేరే కాగితం రాసి ఇందులో మడిచి పెట్టాను. అది నువ్వు చదవకు. చదువుతావని తెలుసు, కానీ చదవలేదని ఆయనతో చెప్పు. అందులో సంతకం ఊసు లేదు. లారీ ఆఫీసు నుంచి ఎందుకు వచ్చేశానో రాశానంతే. ఆరేళ్ళ కిందట రాయాల్సింది.

చిన్నోడు


మార్చి 15

చిన్నోడా,

చదవలేదు. ఒట్టు.

ఆ కాగితం ఆయన చొక్కా జేబులో పెట్టుకుని ట్రిప్పుకి వెళ్ళారు. నాలుగు రోజులు. వచ్చాక అన్నం తింటూ, గోడ వైపు చూస్తూ అన్నారు: 'జ్వరంతో వెళ్ళిపోయాడా! నేను హామీ ఉండి ఇప్పించిన ఉద్యోగం, డబ్బాలు మోయలేక పారిపోయాడని లోకమంతా చెప్పుకు తిరిగాను.' చెయ్యి కడుక్కుని, 'ఎక్కడ పెట్టాలి సంతకం?' అన్నారు.

అఫిడవిట్ నేనే రాశాను. మా ఆఫీసులో అందరికీ రాసే నమూనాయే: 'సదరు పుస్తకంలోని వ్యక్తిని నేను కానని, సదరు వ్యక్తితో నాకు ఎట్టి సంబంధమూ లేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.' నోటరీ బల్ల ముందు చదివి, జేబులోంచి పెన్ను తీసి రెండో ముక్క అడ్డంగా కొట్టేశారు. పైన రాశారు: 'అతను నా బామ్మర్ది.' నోటరీ లబోదిబోమన్నాడు. 'కొట్టివేతలుంటే చెల్లదండీ, మళ్ళీ టైపు చేయించాలి.' 'చేయించండి, కూర్చుంటాను' అన్నారు. ముప్పావు గంట కూర్చున్నారు. నా నమూనా ఒకరు దిద్దడం ఇదే మొదటిసారి.

కాగితం పోస్టులో పంపనంటున్నారు. సోమవారం ట్యాంకర్ అటే వస్తుంది, ఆయనే తెస్తారు. మధ్యాహ్నం లాండ్రీ గేటు దగ్గర ఉండు.

నాతో ఇంకా పొడి పొడిగానే ఉన్నారు. టీ కావాలా అని మాత్రం నిన్న అడిగారు. కావాలన్నాను. మే నెలలో మళ్ళీ పరీక్షకి వెళ్ళాలి కదా, తనూ వస్తానన్నారు. అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

పోయిన ఉత్తరంలో బావ వచ్చారని రెండు ముక్కలే రాశాను. ఇప్పుడు పూర్తిగా రాస్తాను.

గేటు దగ్గర ట్యాంకర్ ఆపి, దిగకుండా కిటికీలోంచి నన్ను పైనుంచి కిందికి చూశారు. 'ఏరా, నా పేరు పెట్టుకుని ఇలా చిక్కిపోతే నా పరువేం కావాలి?' అన్నారు. నవ్వాలో లేదో తెలీక నించున్నాను. 'ఎక్కు' అన్నారు. కేంద్రం దాకా ట్యాంకర్లోనే తీసుకెళ్ళారు. లోపలికి రావద్దన్నాను, అక్కడివాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని. 'ఏమనుకుంటారు? పుస్తకంలో ఉన్నవాడు వచ్చాడనుకుంటారు' అని నాకంటే ముందు నడిచారు. పెద్దమ్మతో గంట మాట్లాడారు. ట్యాంకర్ డ్రైవర్లకి పరీక్షల క్యాంపు పెట్టించమని ఆవిడకే చెప్పారు. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, అక్కడ ఎముకే తగిలిందేమో, తీసేసి మళ్ళీ వేశారు.

దరఖాస్తు మార్చి 27న ఇచ్చాం. మంజూరైందో లేదో జూన్‌లో చెబుతారట. వస్తుందని పెద్దమ్మ అంటోంది. రాకపోతే పైవాళ్ళకి ఎలా రాయాలో కూడా అంటోంది. సరుకుల సంచి మాత్రం అప్పుడే ఇచ్చారు. బస్సు పాసు వచ్చింది. మామ్మ వరండాలోనే ఉన్నాను. మే నుంచి రోజంతా పని ఇస్తానని సూపర్‌వైజర్ అన్నాడు, మడతల దగ్గరే.

నిన్న మందుల రోజు. కొత్త పుస్తకం చేతికిచ్చి కూర్చోమన్నారు. బెంచీ మీద పదిమందిమి ఉన్నాం. నర్సు లోపల్నుంచి ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. ఎవరో రాలేదు కాబోలనుకుని నేను గుమ్మం వైపు కూడా చూశాను. మూడోసారి ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచింది. పక్కనున్న పెద్దాయన నా ఒళ్ళోని పుస్తకం చూసి మోచేత్తో పొడిచాడు. 'బాబూ, అది నువ్వే కదా?'

'అవునండీ, నేనే' అన్నాను. లేచి వెళ్ళాను. మూడు నెలలకి సరిపడా మాత్రలు ఇచ్చారు.

నీ తమ్ముడు